చట్టం ముందు అందరూ సమానులే - మరి మ్యాన్‌హోలు ముందు?

మన దేశంలో "పౌరహక్కులు" అనే మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనాన్ని ఎంతమందిమి చదివాము? 1955లో పార్లమెంటు అస్పృశ్యతా నేరాల చట్టం చేసింది. 1976లో దానిని సవరించి, పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చింది. ఆ చట్టం దృష్టిలో పౌరహక్కు అంటే, రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసినందువల్ల మనిషికి సంక్రమించే ప్రతి హక్కూ. వాక్ స్వాతంత్ర్యం గురించీ, సభా స్వాతంత్ర్యం గురించీ మాట్లాడేటపుడు మనమంతా పౌరహక్కులనే మాట వాడుతూనే వుంటాము. వాడవలసిందే. కాని ఆ పేరు పెట్టి ఈ రాజ్యం చేసిన చట్టం మొట్టమొదట తలచుకున్నది మాత్రం, అంటరానివాడని ముద్రవేసి ఊరిబయట వుంచిన మనిషిని.

ఆ 1976 సవరణలోనే 7-ఎ అనే సెక్షను చేర్చారు. అస్పృశ్యత పేరిట ఎవరిచేతనైనా నిర్బంధంగా పాకీపని, ఊడ్చేపని, పశువుల కళేబరాలు మోసే పని చేయిస్తే నేరమన్నారు. 3 నెలలకు తగ్గకుండా 6 నెలలదాకా జైలుశిక్ష, 100 నుంచి 500 రూపాయలదాకా జరిమానా అన్నారు. సెక్షను పుస్తకంలో పదిలంగా వున్నది. పని మునిసిపాలిటీలలో పదిలంగా వున్నది. ఒకదాని జోలికి ఇంకొకటి పోకుండా దశాబ్దాలు గడిచిపోయాయి.

ఎవరి దగ్గర పనిచేసినట్టు?

కొన్నేళ్ళ క్రితం ఒక పట్టణంలో సెప్టిక్ ట్యాంకులోకి దిగి ఇద్దరు కార్మికులు చనిపోయారని తెలిసి, యూనియన్ తరఫున మేము నలుగురం ఆసుపత్రికి వెళ్ళాము. శవాలు మార్చురీలో వున్నాయి. మునిసిపల్ అధికారి మస్తరు పుస్తకం తెరచి చూపించాడు. చనిపోయినవారి పేర్లు అందులో లేవు. కాంట్రాక్టరును అడిగితే పని కింద మరొకరికి ఇచ్చానన్నాడు. ఆ మరొకరు మేస్త్రీని చూపించాడు. మేస్త్రీ చేతులు కట్టుకొని, "వాళ్ళంతట వాళ్ళే దిగారు సార్, నేను దిగమనలేదు" అన్నాడు. సాయంత్రానికి పోలీసు స్టేషనులో రాసుకున్న కేసు, నిర్లక్ష్యంవల్ల సంభవించిన మరణం.

మృతులలో ఒకరి భార్య మమ్ములను ఒక్క ప్రశ్న అడిగింది. "అన్నా, ఇంతకీ మా ఆయన ఎవరి దగ్గర పనిచేసినట్టు?"

యూనియన్ పనిలో తలలు నెరసిన మాకు ఆనాడు వెంటనే జవాబు దొరకలేదు. పట్టణం మురికిని పన్నెండేళ్ళు ఎత్తిపోసిన మనిషికి యజమాని లేడు. యజమాని లేనివాడికి పి.ఎఫ్. లేదు, ఇ.ఎస్.ఐ. లేదు, సెలవు లేదు. చావుకు బాధ్యుడూ లేడు. చట్టం ముందు సమానత్వం గురించి ఎన్ని సభలలో ఎన్ని ఉపన్యాసాలిచ్చినా, ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా చేసే ఉపన్యాసం వట్టి మాటలమూటే అవుతుంది. అందుచేత ఈ వ్యాసంలో ఆ ప్రశ్ననే పట్టుకొని నడుస్తాము.

చట్టాలు వచ్చాయి, ఆలస్యంగా వచ్చాయి, చిల్లులతో వచ్చాయి

1949 నవంబరు 25న రాజ్యాంగసభలో మాట్లాడుతూ డాక్టర్ అంబేద్కర్ ఒక హెచ్చరిక చేశారు. 1950 జనవరి 26న మనం వైరుధ్యాలతో నిండిన జీవితంలోకి అడుగుపెట్టబోతున్నామని, రాజకీయాలలో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం వుంటాయని ఆయన సారాంశం. ఆ వైరుధ్యం ఎక్కడ వున్నదో వెదకడానికి దూరం పోనక్కరలేదు. ఓటుపెట్టెముందు కోటీశ్వరుడితో సమానమైన పాకీ కార్మికుడు మరునాడు తెల్లవారి చీపురుతోను, తట్టతోను ఎక్కడ నిలబడ్డాడో చూస్తే చాలు.

ఈ పని మీద కమిటీలకు కొదవ లేదు. 1949లో బొంబాయి ప్రభుత్వం బార్వే కమిటీ వేసింది. 1957లో కేంద్రం మల్కానీ కమిటీ వేసింది. నివేదికలు బీరువాలకెక్కాయి. పాకీదొడ్లను, మనిషి మలాన్ని మనిషిచేత ఎత్తించడాన్ని నిషేధించే కేంద్ర చట్టం రావడానికి 1993 దాకా పట్టింది. అదైనా అమలులోకి వచ్చినది 1997 జనవరి 26న. మొదట వర్తించినది ఆంధ్రప్రదేశ్, గోవా, కర్ణాటక, మహారాష్ట్ర, త్రిపుర, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు మాత్రమే. పైగా ఎవరిమీదనైనా కేసు పెట్టాలంటే అధికారుల ముందస్తు అనుమతి కావాలన్నారు. చాలాచోట్ల పాకీదొడ్లను నడుపుతున్నది ప్రభుత్వశాఖలే, స్థానిక సంస్థలే. దొంగమీద కేసుకు దొంగ ఇంటివాళ్ళ అనుమతి అడిగినట్లయింది.

ఈ మౌనాన్ని బద్దలుకొట్టినవారు ఆ పని చేసిన కుటుంబాల నుంచే వచ్చారు. కోలార్ బంగారు గనుల కాలనీలో పాకీదొడ్లు శుభ్రంచేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ గని కాలనీ నుంచే పోరాటం మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి తోడునిలిచారు. సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఆ వ్యాజ్యంలో తీర్పు రావడానికి 11 సంవత్సరాలు పట్టింది. అది నడుస్తుండగానే 2013లో కొత్త చట్టం వచ్చి, అదే ఏడు డిసెంబరు 6 నుంచి అమలులోకి వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలువలలో మరణించిన ప్రతి కార్మికుని కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలన్నది. 2023 అక్టోబరు 20న ఇంకొక తీర్పులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యానికి 20 లక్షలు తగ్గరాదన్నది. 2025 జనవరి 29న ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాదు నగరాలలో మనుషులచేత మురుగు కాలువలు శుభ్రం చేయించడాన్ని, పాకీపనిని నిలిపివేయాలని ఆదేశించింది.

ఈ తీర్పులు కార్మికుల రక్తంతో వచ్చినవి. వాటిని మేము తక్కువచేయము. కాని ఒకటి గమనించాలి. ఒకే నిషేధాన్ని 1976లో, 1993లో, 2013లో, 2014లో, 2023లో, 2025లో మళ్ళీమళ్ళీ చెప్పవలసివచ్చిందంటే, చెప్పినదాన్ని వినని యంత్రాంగమొకటి ఎక్కడో గట్టిగా పాతుకొని వున్నదన్నమాట.

మాటమార్చి మనిషిని మాయంచేయడం

2013, 2018 సంవత్సరాల సర్వేలలో కలిపి 58,098 మందిని పాకీపని చేసేవారుగా గుర్తించారు. ఒక్కొక్కరికి ఒకేసారి 40,000 రూపాయల సాయం ప్రకటించారు. ఆ తరువాత పార్లమెంటులో ప్రభుత్వం చెప్పుకొచ్చినదేమిటి? దేశంలో పాకీపని జరుగుతున్నట్లు సమాచారం లేదట. మురుగు కాలువలలో, సెప్టిక్ ట్యాంకులలో సంభవించే చావులు "ప్రమాదకర శుభ్రత" వల్ల జరిగినవట. అవి వేరట, ఇవి వేరట.

ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? 2013 చట్టంలోనే అందుకు దారి వదిలారు. తగిన పరికరాలతో, రక్షణ సామగ్రితో శుభ్రం చేసేవాడిని పాకీపనివాడుగా లెక్కించరాదని ఒక వివరణ చేర్చారు. ప్రమాదకర శుభ్రత అంటే కూడా యజమాని రక్షణ సామగ్రి ఇవ్వకుండా, జాగ్రత్తలు పాటించకుండా చేయించే పని అన్నారు. అంటే చేతులకు తొడుగులిచ్చినట్లు కాగితం మీద సంతకం తీసుకుంటే నేరం సగం ఆవిరి అయిపోతుంది. మేము చూసిన పట్టణాలలో ఆ తొడుగులు శానిటరీ ఇన్‌స్పెక్టరు గది బీరువాలో వుంటాయి. పై అధికారి తనిఖీకి వచ్చినరోజున బయటికి వస్తాయి.

ఇక శిక్షల సంగతి. ప్రమాదకర శుభ్రతకు పురమాయిస్తే 2 సంవత్సరాలదాకా జైలు, 2 లక్షలదాకా జరిమానా. మళ్ళీ చేస్తే 5 సంవత్సరాలదాకా జైలు, 5 లక్షలదాకా జరిమానా. అది చాలదన్నట్లు, షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచార నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఆ కులాలవారిచేత, తెగలవారిచేత పాకీపని చేయించడాన్ని అత్యాచారంగా ప్రకటించింది. ఇన్ని ఆయుధాలుండగా స్టేషనులో రాసే కేసు మాత్రం "నిర్లక్ష్యం". కాలు జారి పడినవాడికీ, విషవాయువుంటుందని తెలిసి దింపబడినవాడికీ ఒకటే సెక్షను. సమానత్వమంటే ఇదేనా?

ఇది కులం పని కాదు, వృత్తి మాత్రమేనని వాదించే పెద్దలున్నారు. వారికి ప్రభుత్వ లెక్కలే సమాధానం. మురుగు కాలువల, సెప్టిక్ ట్యాంకుల కార్మికులను నమోదుచేసే కేంద్ర పథకం కింద 2024 నాటికి నమోదయిన సుమారు 38,000 మందిలో నూటికి 90 మందికి పైగా షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులవారే. అందులో షెడ్యూల్డు కులాలవారే మూడింట రెండు వంతులు. పని ఎంచుకునే స్వేచ్ఛ నిజంగా అందరికీ సమానంగా వున్న దేశంలో ఇటువంటి లెక్క తేలదు.

కాంట్రాక్టు: పాత అంటరానితనానికి కొత్త దస్తావేజు

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. మనిషి ఎవరి దగ్గర పనిచేసినట్టు?

1970లో కాంట్రాక్టు కార్మిక చట్టం వచ్చింది. 1976 డిసెంబరు 9న కేంద్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషను జారీచేసి, తన పరిధిలోని సంస్థల భవనాలలో ఊడ్చే, శుభ్రంచేసే, దుమ్ముదులిపే, కాపలాకాసే పనులలో కాంట్రాక్టు కార్మికులను నియమించరాదన్నది. 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు, అట్లా నిషేధించిన పనులలో వున్న కార్మికులను అసలు యజమానే తనలో కలుపుకోవాలన్నది. ఊడ్చే కార్మికునికి యజమాని దొరికాడు. ఆ సంతోషం 5 సంవత్సరాలైనా నిలవలేదు. 2001 ఆగస్టు 30న ఉక్కు సంస్థ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది, ఆ నోటిఫికేషనునూ కొట్టివేసింది.

2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న కేంద్రం అమలులోకి తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడు ఇంకొక అడుగు ముందుకేసింది. సంస్థ కీలక కార్యకలాపాలలో కాంట్రాక్టు కార్మికులు వుండరాదని ఒకవంక చెప్పి, ఏవేవి కీలకం కావో ఇంకొకవంక జాబితా ఇచ్చింది. సంస్థ ఆ పనికోసమే ఏర్పడినదైతే తప్ప కీలకంగా లెక్కించరాని పనులవి. ఆ జాబితాలో మొట్టమొదటి పేరు పారిశుద్ధ్యం: ఊడ్వడం, శుభ్రంచేయడం, చెత్త ఎత్తడం. 1976లో రక్షించవలసిన పనిగా గుర్తించినదానినే 2020లో వదిలిపెట్టవలసిన పనుల వరుసలో ముందు నిలబెట్టారు. ఆసుపత్రిలో ఊడ్చేది కీలకం కాకపోతే శస్త్రచికిత్స గదిలోకి డాక్టరు ఎట్లా అడుగుపెడతాడో ఏలినవారు సెలవివ్వాలి.

మునిసిపాలిటీల విషయంలో ఆ సాకు కూడా చెల్లదు. రాజ్యాంగానికి 1992లో చేసిన 74వ సవరణ ద్వారా చేర్చిన 12వ షెడ్యూలులో, పట్టణ స్థానిక సంస్థల బాధ్యతలలో ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ స్పష్టంగా రాసి వున్నాయి. మునిసిపాలిటీ ఏర్పడినదే ఆ పనికోసం. కనుక కోడు మాట ప్రకారమే అక్కడ పారిశుద్ధ్యం కీలక కార్యకలాపం. ఈ వాదన తెలిసే కాబోలు, మామూలుగా కాంట్రాక్టరు ద్వారానే జరిగే పని అయితే మినహాయింపు వుంటుందని ఇంకొక కిటికీ తెరచిపెట్టారు. ముప్ఫై ఏళ్ళుగా కాంట్రాక్టుకిచ్చి, ఇప్పుడది మామూలు అంటారు. తాను చేసిన తప్పునే ఆచారమని చూపి తప్పించుకునే తర్కమిది. వర్ణవ్యవస్థ వాదించినదీ సరిగ్గా ఇట్లాగే: తాతలనాటినుంచి వస్తున్నది గనుక ఇది ధర్మమని.

జీతం సంగతీ అంతే. 1982లో రణధీర్ సింగ్ కేసులో సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగ లక్ష్యమని సుప్రీంకోర్టు అన్నది. అదే సంవత్సరం ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో కనీస వేతనానికి తక్కువ ఇచ్చి చేయించే పని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనన్నది. 2016 అక్టోబరు 26న జగ్‌జీత్ సింగ్ కేసులో తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతన సూత్రం వర్తిస్తుందన్నది. ఒకే వీధిలో ఒకే చీపురుతో ఊడ్చే ఇద్దరిలో పర్మినెంటు కార్మికురాలికి వచ్చే జీతంలో సగం కూడా రాని కార్మికురాలు మన సభ్యులలో ఎందరో వున్నారు. వారి చేతికి ఈ తీర్పులేవీ ఇంకా అందలేదు. 2023 డిసెంబరు చివరలో ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగినపుడు వారు అడిగినది కొత్త వరమేమీ కాదు. పర్మినెంటు చేయమని, సమాన పనికి సమాన వేతనమివ్వమని అడిగారు. అంటే రాజ్యాంగాన్ని అమలుచేయమని అడిగారు.

పోరాడినచోట జవాబు దొరికింది

"ఎవరి దగ్గర పనిచేసినట్టు" అనే ప్రశ్నకు యూనియన్ జవాబు రాబట్టిన చోట్లున్నాయి. ముంబయిలో చెత్తరవాణా కార్మికుల సంఘం 2,700 మంది కాంట్రాక్టు కార్మికుల తరఫున పారిశ్రామిక ట్రిబ్యునలులో కొట్లాడింది. వారు నగర పాలక సంస్థ కార్మికులేనని 2014లో తీర్పు తెచ్చుకుని, 2017లో సుప్రీంకోర్టులో నిలబెట్టుకున్నది. 2024 డిసెంబరులో కేంద్ర జలసంఘంలో ఏళ్ళతరబడి ఊడ్చిన సఫాయి కార్మికురాండ్రను క్రమబద్ధం చేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది.

దేశం వెలుపల చూడండి. అమెరికాలో 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం వచ్చాయి. కాగితంమీద నల్లజాతివారు సమానులయ్యారు. 1968 ఫిబ్రవరి 1న మెంఫిస్ నగరంలో చెత్తలారీ యంత్రంలో పడి ఇద్దరు నల్ల కార్మికులు నలిగి చనిపోయారు. గంటల కూలీలు గనుక వారి కుటుంబాలకు నష్టపరిహార చట్టం వర్తించలేదు. మస్తరు పుస్తకం అక్కడా వున్నదన్నమాట. వర్షం కురిసిన రోజున నల్లవారిని కూలి లేకుండా ఇంటికి పంపి, తెల్ల మేస్త్రీలకు జీతమిచ్చేవారు. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది సమ్మెకట్టారు. "నేను మనిషిని" అని రాసిన అట్టలు మెడలో వేసుకుని నడిచారు. వారికి అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న అక్కడే హత్యచేశారు. ఏప్రిల్ 16న నగరపాలకులు యూనియన్‌ను గుర్తించి ఒప్పందానికి దిగివచ్చారు. చట్టం ఇచ్చిన సమానత్వాన్ని బతుకులోకి తెచ్చింది సమ్మె.

మన ఇరుగుపొరుగున ఇంకా తెల్లవారలేదు. పాకిస్తాన్‌లో పారిశుద్ధ్య ఉద్యోగాల ప్రకటనలలో ముస్లిమేతరులే కావాలని రాసే దురాచారం చాలాకాలం సాగింది. ఆ పనిలో క్రైస్తవులే ఎక్కువ. ఢాకా నగరాన్ని బ్రిటిషువారి కాలం నుంచి ఊడుస్తున్నవారిలో మన తెలుగువారున్నారు. అక్కడి ధల్‌పూర్ తెలుగు కాలనీవాసులను 2023 ఫిబ్రవరిలో ఇళ్ళు ఖాళీచేయమన్నారు. తరాలపాటు నగరాన్ని శుభ్రంచేసినవారికి ఆ నగరంలో జానెడు నేల తమదని చెప్పుకునే హక్కు లేకపోయింది. సరిహద్దులు మారినా చీపురు పట్టించిన చేయి మారలేదు.

మన తప్పు మనం ఒప్పుకోవాలి

ఎదుటివారిని నిలదీసే ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవడం ధర్మం. కార్మికోద్యమం పారిశుద్ధ్య కార్మికుని సభలకు పిలిచింది, ఊరేగింపులో నిలబెట్టింది. కాని పెద్ద ఫ్యాక్టరీలలో పర్మినెంటు కార్మికుల వేతన ఒప్పందాలపై సంతకాలు చేసేటపుడు, ఆ ఫ్యాక్టరీ మరుగుదొడ్లు కడిగే కాంట్రాక్టు మనిషిని ఎన్నిసార్లు తలచుకున్నాము? యాజమాన్యం "అది కాంట్రాక్టరు వ్యవహారం" అన్నపుడు, బోనసు శాతం తేలితే చాలునని మేము కూడా తల వూపిన సందర్భాలున్నాయి. కొన్ని యూనియన్ ఆఫీసులలో టీ గ్లాసు వేరుగా పెట్టిన సంగతి కూడా మాకు తెలియనిది కాదు. వర్గఐక్యత అనే మాట నోటితో పలుకుతూ కులాన్ని గుమ్మం లోపల దాచుకున్నంతకాలం, చట్టం ముందు సమానత్వం కావాలని ఇతరులను అడిగే నైతికబలం మనకు వుండదు.

మా కోరికలు, మన కర్తవ్యం

ప్రభుత్వాలను మేము అడుగుతున్నవి ఇవి:

1. మురుగు కాలువలో, సెప్టిక్ ట్యాంకులో మరణం సంభవిస్తే 2013 చట్టం కిందనూ, వర్తించినచోట అత్యాచార నిరోధక చట్టం కిందనూ కేసు నమోదుచేయాలి. నిర్లక్ష్యం కేసుతో సరిపెట్టరాదు. ముద్దాయిల జాబితాలో మేస్త్రీ ఒక్కడే కాక, పని పురమాయించిన అసలు సంస్థ అధికారి వుండాలి.

2. రక్షణ సామగ్రి ఇచ్చామన్న నెపంతో మనిషిని మ్యాన్‌హోలులోకి దింపే వీలు కల్పించిన వివరణను 2013 చట్టం నుంచి తొలగించాలి. యంత్రాలు కొనాలి, వాటిని నడిపే ఉద్యోగాలు ఇప్పుడా పనిచేస్తున్నవారికే పర్మినెంటుగా ఇవ్వాలి.

3. మునిసిపాలిటీలలో పారిశుద్ధ్యం కీలక కార్యకలాపమని ప్రకటించి, కాంట్రాక్టు పద్ధతిని రద్దుచేయాలి. కోడులోని మినహాయింపులను ఉపసంహరించాలి. అంతవరకు సమాన వేతనం చెల్లించాలి.

4. 30 లక్షల పరిహారం కోర్టుచుట్టూ తిరగకుండా కుటుంబానికి అందాలి. మస్తరులో పేరు లేదన్న కారణంతో ఎవరికీ నిరాకరించరాదు.

ఇక మన యూనిట్లకు. ప్రతి శాఖ తన సంస్థలో శుభ్రతపని చేసేవారి పేర్లు, కాంట్రాక్టరు పేరు, చెల్లిస్తున్న కూలి, పి.ఎఫ్. జమ వివరాలు స్వయంగా రాసి పెట్టుకోవాలి. యజమాని మస్తరులో లేని పేరు యూనియన్ పుస్తకంలో వుండాలి. రేపు కోర్టులో సాక్ష్యంగా నిలిచేది అదే. ఇకమీదట కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికుల కోరిక లేని కోర్కెలపత్రం మీద మన సంతకం వుండరాదు. బేరసారాల బల్లదగ్గర వారి ప్రతినిధి మనపక్కన కూర్చోవాలి.

మార్చురీ ముందు ఆ సోదరి అడిగిన ప్రశ్నకు మునిసిపాలిటీ జవాబు చెప్పలేదు, కాంట్రాక్టరు చెప్పలేదు, పోలీసు చెప్పలేదు. ఆనాడు మేమూ చెప్పలేకపోయాము. ఈనాడు చెబుతున్నాము: అమ్మా, నీ భర్త ఆ పట్టణం దగ్గర పనిచేశాడు. ఆ పట్టణం తన ఋణం తీర్చేవరకు ఆ పేరు మా పుస్తకంలోంచి కొట్టివేయము.